సోటెర్న్ పీపా గారికి ఉభయకుశలోపరి

మహారాజశ్రీ సోటెర్న్ తీపి వైన్ పీపా గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. స్కాట్లండ్‌లోని ఐలా ద్వీపపు పొగ విస్కీని ఏడాదిపాటు మీ ఇంట ఉంచి, బయటికొచ్చాక సీసా మీద ‘సింగిల్ కాస్క్’, అంటే ఒకే పీపా సరుకు, అని అచ్చేశారు. సింగిల్ అంటే బ్రహ్మచారి అనుకున్నాం, తీరా చూస్తే రెండో సంబంధం! బోర్బన్ అనే అమెరికా విస్కీకి ప్రతిసారీ కాల్చిన కొత్త ఓక్ పీపా కావాలంటుంది అక్కడి చట్టం. అలా ఒక్కసారి వాడి వదిలేసిన 200 లీటర్ల పీపాతో మా పొగ విస్కీ మొదటి కాపురం పదేళ్లు. చివర్లో వచ్చింది మీరు, పెత్తనమంతా మీదే.

వంశం గొప్పదే, కాదనం. ఫ్రాన్స్‌లోని సిరోన్ ఏటి పొగమంచుకి ద్రాక్ష మీద బూజు పట్టి, నీరు ఇగిరి, తీపి చిక్కబడుతుంది. మన పెరట్లో అయితే పారబోస్తాం. బోర్డో దగ్గర దాన్ని రాచకుళ్లు అంటారు. ఆ వైన్ మీ చెక్కలో లీటర్ల కొద్దీ ఇంకి ఉంటుంది కనకే విస్కీకి తేనె, ఆప్రికాట్, నారింజ తొక్క వాసనలు అంటుకుంటాయి.

పొగ వైపు బడాయి లేదనం. 50 పీపీఎం (పది లక్షల్లో 50 పాళ్ల పొగ పదార్థం) అని చెప్పుకునేది పీట్ అనే బురదనేల మట్టిని కాల్చిన పొగకి ఆరిన మొలక బార్లీ లెక్క, సీసాలోది కాదు. పిప్పితో కొంత పోతుంది. బట్టీలో చివరి ధార ఎక్కడ ఆపారన్నదాన్ని బట్టి ఇంకొంత తగ్గుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ మరీ మెత్తబడుతుంది. అలాంటి దాన్ని మీరు అవసరానికి మించి అట్టిపెట్టుకుంటే పొగ చచ్చి పానకం మిగులుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు మీ కడుపులో గంధకం వెలిగిస్తారు కదా, అది శ్రుతి మించితే అగ్గిపుల్ల వాసన. గాలి తగిలితే అది కొంత తగ్గొచ్చు. ఉడికిన క్యాబేజీ కంపు మాత్రం కదలదు.

విచారణ న్యాయంగానే జరుపుతాం. తులిప్ గ్లాసులో 25 మి.లీ. పోసి పావుగంట ఆగాలి. 58 శాతం సరుకులో ముక్కు దూర్చేస్తే మొద్దుబారుతుంది, నోరు కాస్త తెరిచి అంచు దగ్గరే పీల్చాలి. మొదటి గుక్క నాలుకకి అలవాటు కోసం, దాన్ని సాక్ష్యంగా తీసుకోం. రెండో గుక్క తర్వాత ఒక టీస్పూను నీళ్లు పోస్తే 50 శాతం కిందికి దిగుతుంది. పొగ వాసననిచ్చే గ్వయకాల్ పలుచబడ్డ విస్కీలో పైకి చేరుతుందని 2017లో స్వీడన్ పరిశోధకులు కంప్యూటర్ లెక్కలతో చూపించారు. ఐసు వేసినవాళ్ల సాక్ష్యం చెల్లదు, చల్లదనానికి వాసనలు ముడుచుకుంటాయి. మిర్చి బజ్జీ నంజుకున్నవాళ్లదీ అంతే, మంట ఎవరిదో తేలదు.

గ్లాసు ఖాళీ అయ్యాక కడగం. తెల్లారి వాసన చూస్తాం. ఆరిన బూడిద వాసన ఉంటే మీరు నిర్దోషి. ఉత్త కిస్‌మిస్ వాసనే ఉంటే వాయిదాలు ఉండవు.

ఇట్లు,
పొగ తరఫువాళ్లం