చుక్క పోతే పోయింది, కళ మిగలాలి

బోర్డులు చేసే పని మీద చాలాకాలంగా ఒక అపవాదు ఉంది: అది నేర్చుకోవాలట. కంప్యూటర్ ఉంది, కత్తితో అక్షరాలు కోసే ప్లాటర్ ఉంది, వెనక జిగురూ కాగితమూ ఉన్న ప్లాస్టిక్ స్టిక్కర్ షీటు, అదే వినైల్, రోల్ ఉంది. ఇంకా నేర్చుకోవడానికి ఏం మిగిలిందయ్యా అని అడిగితే, ముదురు పనివాళ్లు స్టిక్కర్‌ను రుద్ది అంటించే స్క్వీజీ చేతిలో పట్టుకుని మాట్లాడకుండా చూస్తారు. ఆ చూపులకు జడిసి ఎంతమంది కొత్త కళాకారులు వెనక్కి తగ్గారో! వాళ్లకు ధైర్యం చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు టెస్ట్ కట్ అనే మూఢనమ్మకం సంగతి తేల్చాలి. రోల్ మార్చిన ప్రతిసారీ ఓ మూల చిన్న చతురస్రం, దాని లోపల ఒక వృత్తం కోసి, పీకి చూస్తారు. కత్తి మొన హోల్డర్ బయటికి ఏటీఎం కార్డు మందంలో సగం కనబడితే చాలంటారు. వినైల్ తెగాలి, జిగురు తెగాలి, కింది కాగితం మీద మాత్రం గోటితో గీసినట్టు సన్నటి గీత పడాలి, అంతే. ఇంత పిసినారితనం దేనికి? కత్తిని ధారాళంగా దించండి. కాగితం కూడా తెగి అక్షరం వెనకే అంటుకుని వస్తుంది, ఆ మేరకు బోర్డుకు అంటుకోదు. మరీ పైకి లేపితే ఇంకా మంచిది: చుట్టూ ఉన్న చెత్త పీకుతుంటే అక్షరం కూడా దాని వెంటే లేచిపోతుంది.

ఆఫ్‌సెట్ అని మరొకటి. కత్తి మొన ఇరుసుకు సరిగ్గా కింద ఉండదు, మామూలుగా 0.25 మి.మీ. వెనకగా ఈడ్చుకుంటూ వస్తుంది. ఆ అంకె మెషీన్‌కు సరిగ్గా చెప్పకపోతే మూలలు గుండ్రబడతాయి, లేదంటే వాటికి కొమ్ములు మొలుస్తాయి. తెలుగుకు మూలలెక్కడివి, అంతా గుండ్రమే కదా అని ధీమాగా ఉండొచ్చు. అయితే కోత ఎక్కడ మొదలైందో అక్కడికి తిరిగొచ్చి కలవదు. సున్నా మూసుకోదు. పీకేటప్పుడు ఆ వెంట్రుకంత అతుకు పట్టుకుని సున్నా మొత్తం వచ్చేస్తుంది. పూర్ణానుస్వారాన్ని అరసున్నా చేసే అవకాశం ఇంకే వృత్తిలో దొరుకుతుంది?

ఇక ఫైలు. డిజైన్ చేసే కోరల్‌డ్రాలో కంట్రోల్, క్యూ నొక్కి అక్షరాలను కర్వ్స్, అంటే ఫాంటుతో పనిలేని గీతలు, చేయకుండా పంపితే, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో మీ మాటలు ఎవరికీ తెలియని లిపిలోకి మారతాయి. కర్వ్స్ చేసినా వెల్డ్ చేయకూడదు, అంటే ముక్కల్ని కలిపి ఒకే ఆకారం చేయకూడదు. మన ఫాంట్లలో చాలావాటికి తలకట్టు ఒక ముక్క, అక్షరం ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. తెర మీద నిండుగా నల్లగా కలిసిపోయి కనిపిస్తాయి, ప్లాటర్ మాత్రం ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన ప్రతి గీతనూ కోస్తుంది. గీతలు మాత్రమే చూపించే వైర్‌ఫ్రేమ్ వ్యూలో ఒక్క క్షణం చూస్తే దొరికిపోతుంది కాబట్టి చూడకండి. తలకట్లు విడిగా ఊడి రావడం చూసి తీరాల్సిన దృశ్యం.

అసలు తపస్సు వీడింగ్, అంటే కోసిన అక్షరాల చుట్టూ, లోపలా అక్కర్లేని వినైల్‌ను పీకేయడం. చెత్తను దాదాపు దాని మీదికే మడిచి, తక్కువ కోణంలో, నిదానంగా లాగాలి, ఆ తర్వాత అక్షరాల పొట్టల్లో మిగిలిన ముక్కల్ని కొక్కెంతో ఒక్కొక్కటీ ఏరాలి. ఇక్కడే తొందరపడాలి. ‘పాఠశాల’లో ఠ కడుపులోని చుక్క ఉంచాల్సిందా, తీయాల్సిందా? ఆ ఊపులో తీసేస్తారు. బోర్డు మీద ‘పారశాల’ వెలుస్తుంది. ‘కథ’లో చుక్క పోతే ‘కధ’ అవుతుంది. దాన్ని ఎవరూ పట్టుకోరు, సగం మంది రాసేదే అలా.

అంటించడానికి ముందు ఉపరితలాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవమంటారు. చొక్కా అంచు ఉండగా అదెందుకు? కొత్తగా వేసిన రంగు బాగా ఆరేదాకా ఆగమంటారు. ఆగకండి. రంగులోంచి వచ్చే ఆవిరి వినైల్ కింద చేరి పొక్కులు తెస్తుంది, ఫ్లాట్ బోర్డుకు ఉచితంగా త్రీడీ. సబ్బునీళ్లు చల్లి అంటించే తడి పద్ధతిలో లీటరు నీటికి గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగైదు చుక్కలు చాలట, మీరు నురగ వచ్చేదాకా పోయండి. అక్షరాలు సాయంత్రం దాకా స్కేటింగ్ చేస్తాయి. స్క్వీజీ మధ్య నుంచి అంచులకు లాగాలని, అక్షరాలను ఎత్తి బోర్డు మీదికి చేర్చే పైటేపును బోర్డుకు ఆనించినట్టు వెనక్కి మడిచి తీయాలని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. ఒంపులూ రివెట్లూ ఉన్న వాహనానికి సాగదీయకుండా ద్రవాన్ని పోతపోసి చేసిన 50 మైక్రాన్ల కాస్ట్ వినైల్ వాడాలన్నది మరో చాదస్తం. రోలర్ల మధ్య సాగదీసి చేసిన క్యాలెండర్డ్ వినైల్ ఎండకు మళ్లీ ముడుచుకుని అంచుల్లో జిగురు గీత చూపిస్తుంది. ఆ జిగురుకు దుమ్ము అంటి ప్రతి అక్షరానికీ నల్లటి బోర్డర్ దానంతటదే వస్తుంది.

సైజు విషయంలో కస్టమరే గురువు. 3 మీటర్ల దూరానికి 25 మి.మీ. ఎత్తు అక్షరం హాయిగా చదవొచ్చన్న లెక్క ప్రకారం, 30 మీటర్లకు 250 మి.మీ. కావాలి. దాన్ని ఒత్తుతో కలిపి కొలవండి. ‘స్త్రీ’ లాంటి మాటలో గుడి దీర్ఘం పైనా, ఒత్తులు కిందా స్థలం పంచుకోగా మధ్యలో ‘స’ బక్కచిక్కి కూర్చుంటుంది. మిగిలిన ఖాళీలో మూడు ఫోన్ నంబర్లు ఇరికించండి.

అక్రిలిక్ మీటరు పొడవుకు 40 డిగ్రీల వేడి తేడాలో దాదాపు 3 మి.మీ. సాగుతుంది. రంధ్రాన్ని స్క్రూకు సరిగ్గా సరిపోయేలా వేసి బిగిస్తే పగుళ్లు సూర్యకిరణాల్లా విచ్చుకుంటాయి. ఎల్ఈడీ అక్షరాలకు అడుగున నీళ్లు పోయే చిల్లు పెట్టకపోతే వానాకాలంలో అక్వేరియం. పవర్ సప్లై మీద లోడును దాని సామర్థ్యంలో 80 శాతం దగ్గర ఆపడం పిరికితనం. పీవీసీ ఫోమ్ షీటును లేజర్‌తో కోసే మెషీన్‌లో పెట్టడం గురించి మాత్రం వెటకారం పక్కన పెడదాం: వచ్చే హైడ్రోజన్ క్లోరైడ్ ఊపిరితిత్తుల్నీ, మెషీన్‌నీ రెండింటినీ తినేస్తుంది. వద్దు.

ఇంతకీ ఆ ఠ లోని చుక్క. ‘పారశాల’ వాళ్లు బోర్డు వెనక్కి తెచ్చినప్పుడు షాపంతా వెతుకుతారు, చెత్తబుట్ట తిరగేస్తారు, చివరికి కొత్తది కోయడానికి ప్లాటర్ ఆన్ చేస్తారు. ఒకసారి మోచేయి చూసుకోండి.