పుస్తకంలో బర్రె, ఇంట్లో గిరిగిరి

పరకాల దగ్గర మా చిన్నమ్మ వాళ్ల ఊళ్లో మహిళా సంఘం పుస్తకాలు తిరగేస్తే సగం ఇళ్లల్లో బర్రెలు ఉండాలి. కొట్టాలు మాత్రం ఖాళీ. చిన్నమ్మ పేరు మీద కూడా ఒక ముర్రా బర్రె ఉంది, అది నిజానికి మా చిన్నాయన మోకాలి ఆపరేషన్. పక్కింటామె కిరాణా దుకాణం అంటే ఆమె కొడుకు పాలిటెక్నిక్ ఫీజు. లోన్ కావాలంటే ఏదో ఒక యూనిట్ పేరు రాయాలి కాబట్టి రాస్తారు. ఊరి సంఘాల లెక్కలు రాసే వీఓఏకు తెలుసు, వేలిముద్ర వేసే వాళ్లకు తెలుసు, బ్యాంకులో సంతకం పెట్టే సారుకూ తెలుసు. దీన్ని మోసం అనడానికి నాకు నోరు రాదు. మోకాలు నడవకపోతే బర్రెకు గడ్డి ఎవరు కోస్తారు?

సంఘాలు ఏమీ చేయలేదని కాదు. 90ల్లో డ్వాక్రా గ్రూపులు ఊరూరా మొదలైనప్పుడు, తర్వాత 2000లో వెలుగు పథకం వచ్చి, అదే ఇందిరా క్రాంతి పథంగా మారినప్పుడు, అంతకుముందు బ్యాంకు గడప తొక్కని ఆడవాళ్లు మేనేజర్ ఎదురుగా కుర్చీలో కూర్చున్నారు. పది, పదిహేను మంది కలిసి నెలకు ఇంత అని పొదుపు చేసుకోవడం, అందులోంచే రెండు రూపాయల మిత్తికి లోపల తిప్పుకోవడం, ఎవరికి ముందు ఇవ్వాలో వాళ్లే తేల్చుకోవడం... ఇది చిన్న సంగతి కాదు. షావుకారు దగ్గర చేతులు కట్టుకుని నిలబడిన వాళ్లకు దాని విలువ తెలుసు.

తర్వాత బ్యాంకు లోన్ పెద్దదైంది, సంఘం చిన్నదైంది. ఇప్పుడు మీటింగ్ అంటే కిస్తీ వసూలు, అంతే.

ఆ కిస్తీకీ ఇంటి రాబడికీ పొంతన లేదు. మా దగ్గర పత్తి మీద బతికే ఇంట్లో పైసలు కనిపించేది దసరా దాటి తీత మొదలయ్యాక, సంక్రాంతి దాకా. కిస్తీ మాత్రం నెల నెలా కట్టాలి. జూన్, జులైలో విత్తనాలకు, మందు బస్తాలకు, పిల్లల ఫీజులకు ఒకేసారి పైసలు కావాల్సి వచ్చినప్పుడు సంఘం కిస్తీ ఆగకూడదు, ఆగితే పదిమంది ముందు మాట పడాలి, అందుకని గిరిగిరి వాడి దగ్గరికి పోతారు. చేతికి తొమ్మిది వేలు పెడతాడు, రోజుకు వంద చొప్పున వంద రోజులు పట్టుకుపోతాడు. అంటే తక్కువ వడ్డీ అప్పు తీర్చడానికి ఎక్కువ వడ్డీ అప్పు. 2010లో మైక్రోఫైనాన్స్ వాళ్ల వేధింపులకు జనం ప్రాణాలు తీసుకుంటే అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి కట్టడి చేసింది. ఇప్పుడు వేరే బోర్డులతో మళ్లీ బైకులు తిరుగుతున్నాయి.

అందుకే నాకు ఎప్పుడూ ముల్కనూరు గుర్తొస్తుంది. భీమదేవరపల్లి మండలంలో 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి మొదలుపెట్టిన సహకార సంఘం అది. పేరులోనే కిటుకు ఉంది: గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘం, రెండూ ఒక్కటే. పంటకు అప్పిచ్చేదీ వాళ్లే, పంట కొనేదీ వాళ్లే, జిన్నింగ్ మిల్లు, విత్తన వడ్ల వ్యాపారం వాళ్లవే. రైతు పంట తెచ్చి వేసినప్పుడే బాకీ సంగతి తేలుతుంది. కిస్తీ కోసం ఎవరూ ఇంటి మీదికి రానక్కర్లేదు. 1995 మ్యాక్స్ చట్టం, అంటే పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చాక, సర్కారు వాటా లేకుండా సొంతంగా నిలబడే వీలు దొరికాక, అక్కడి ఆడవాళ్లు పాల డెయిరీ కూడా పెట్టుకున్నారు. స్వకృషి పాల ప్యాకెట్ హనుమకొండలో చాలా ఇళ్లల్లో పొద్దున్నే టీలో పడుతుంది. అక్కడ బర్రె పుస్తకంలోనే కాదు, కొట్టంలో కూడా ఉంటుంది, ఎందుకంటే పాలు పోయడానికి చోటుంది, వెన్న శాతం చూసి లెక్క కట్టేది తమ సొంత సంఘమే. బిల్లు పదిహేను రోజులకోసారి వచ్చే ఇంట్లో గిరిగిరి వాడికి పని తక్కువ.

ఇదంతా ఒక్క పథకంతో రాలేదు, 1956 నుంచి డెయిరీ దాకా లెక్కేసుకోండి, నలభై ఏళ్లకు పైనే. గీసుగొండ మండలం గంగదేవిపల్లిలో నీళ్ల ప్లాంటు దగ్గర్నుంచి ప్రతి పనికీ ఒక కమిటీ ఉందంటే అదీ ఏళ్ల తరబడి కూర్చుని కొట్లాడుకున్న అలవాటే. ఐదేళ్లకోసారి ఓట్లు అడిగేవాళ్లకు అంత ఓపిక ఎక్కడిది?

కోటి మంది ఆడవాళ్లను కోటీశ్వరులను చేస్తామని ఇప్పటి ప్రభుత్వం అంటోంది. 2024 నుంచి ఇందిరా మహిళా శక్తి కింద బడి యూనిఫాంలు కుట్టించడం, ఆర్టీసీకి అద్దె బస్సులు, పెట్రోల్ బంకులు, సోలార్ ప్లాంట్లు అంటున్నారు. కొన్ని బాగానే ఉన్నాయి. కానీ ఎప్పటినుంచో నడుస్తున్న వడ్ల కొనుగోలు కేంద్రాన్నే చూడండి. తేమ మీటర్ పట్టుకుని ఎండలో కూర్చునేది సంఘం ఆడవాళ్లు, 17 శాతం దాటితే వద్దని చెప్పి తిట్లు తినేదీ వాళ్లే, గన్నీ బ్యాగులు రాకపోయినా, లారీ రాకపోయినా, అకాల వాన పడి కుప్ప తడిసినా రైతు అరిచేది వాళ్ల మీదే. ధర వాళ్ల చేతిలో లేదు, మిల్లరు తీసే తరుగూ వాళ్ల చేతిలో లేదు. వాళ్లకు మిగిలేది క్వింటాలుకు ఇంత అని కమీషన్, అది కూడా చెప్పిన నెలకు రాదు. అమ్మకంలో కూర్చోబెట్టారు, అమ్మకం మీద పట్టు ఇవ్వలేదు. అదే ఊరి ఆడవాళ్లకు ఒక గోదాము, చిన్న రైస్ మిల్లు సొంతంగా ఉంటే లెక్క వేరేగా ఉండేది, పెట్రోల్ బంకు కన్నా నేను దానికే ఓటేస్తాను.

ఇక నెలకు వంద రూపాయల పొదుపు కూడా కట్టలేక సంఘంలోకే రాని వాళ్ల సంగతి: ఇటుక బట్టీలకు వలస పోయేవాళ్లు, మొగుడు పోయి ఒంటరిగా కూలికెళ్లే ఆడవాళ్లు. కట్టలేరన్న భయంతో గ్రూపే వాళ్లను చేర్చుకోదు. ఒకరు కట్టకపోతే పదిమందికీ లోన్ ఆగుతుందంటే ఎవరైనా అంతే చేస్తారు.

మొన్న వానల్లో చిన్నమ్మ మనవడికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయాయని రాత్రికి రాత్రి వరంగల్ తీసుకొచ్చారు. చేతిలో పైసలు లేవు, ఆటోలోంచే గిరిగిరి వాడికి ఫోన్ చేశారు. సంఘంలో ఇన్నేళ్ల పొదుపు ఉంది కదా, అది తీసుకోవచ్చు కదా అన్నాను. వాళ్ల గ్రూపులో ఇద్దరు కిస్తీలు ఆపేసరికి బ్యాంకు ఆ పొదుపు ఖాతాను పట్టి పెట్టిందట.

"ఉన్నయి బిడ్డా, మన పైసలే. కానీ తియ్యనియ్యరు" అంది.