టాలియాటెల్లెకు నాలుగు హద్దులు

రిజిస్ట్రేషన్ శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరి, ముప్పై నాలుగేళ్ల తర్వాత సబ్ రిజిస్ట్రారుగా రిటైరయ్యాను. తూర్పున పంట కాలువ, పడమర ఫలానా వారి కొబ్బరితోట అని నాలుగు హద్దులు చూడనిదే దేన్నీ నమ్మే అలవాటు లేదు. అలాంటివాణ్ణి పట్టుకుని మా అబ్బాయి ఇటలీ పల్లెల్లో వారం రోజుల వంటల టూర్‌కి పంపించాడు. కాశీకి పంపరా అని వాళ్లమ్మ అడిగింది. వాడుండేది మ్యూనిక్‌లో. తనకు దగ్గర్లో ఉన్న క్షేత్రం చూపించాడు.

తిరిగొచ్చాక వాకింగ్‌లో కనిపించిన ప్రతివారూ ఒకటే అడుగుతున్నారు, "తిండి ఎలా ఉందండీ?" అని. ప్రశ్నలోనే పొరపాటుంది. వంట ఏ దేశంలోనైనా చేస్తారు. బాగుంటే తింటారు, లేకపోతే పచ్చడేసుకుంటారు. ఇటలీవాళ్ల గొప్పతనం వంటలో లేదు, రికార్డులో ఉంది. ఈ సంగతి తిండి గురించి రాసేవాళ్లెవరూ పట్టించుకోలేదు కాబట్టి శాఖాపరమైన బాధ్యతగా నేనే రాస్తున్నాను.

మొదటి రోజు బొలోన్యాలో దిగాం. అక్కడ టాలియాటెల్లె అని రిబ్బన్ లాంటి పాస్తా. కోడిగుడ్లు కలిపిన పిండిని పల్చగా ఒత్తి, చాకుతో కోస్తారు. ఎంత వెడల్పున కోయాలి? మన ఇంట్లో అడిగితే "కంటికి తెలీదూ?" అంటారు. వాళ్లు అలా వదల్లేదు. 1972లో ఛాంబర్ ఆఫ్ కామర్స్‌లో కొలత నమోదు చేయించారు. ఉడికాక 8 మిల్లీమీటర్లు. నమూనాగా బంగారంతో ఒక టాలియాటెల్లె చేయించి భద్రపరిచారు. 8 మిల్లీమీటర్లంటే ఎంత అని రేపు ఎవరైనా పేచీ పెడితే దానికీ జవాబుంది: ఊళ్లో ఉన్న అసినెల్లి గోపురం ఎత్తులో 12,270వ వంతు. నా సర్వీసులో తాటిచెట్టు హద్దుగా రాసిన దస్తావేజులు చూశాను, చెట్టు పడిపోయాక అన్నదమ్ములు కోర్టుకెక్కడమూ చూశాను. పన్నెండో శతాబ్దపు గోపురాన్ని హద్దురాయిగా పెట్టుకుని నూడిల్ కోసుకునే ఊరిని చూడటం ఇదే మొదలు. గోపురం కొంచెం ఒరిగిన మాట నిజమే. ఎత్తు మాత్రం అలాగే ఉందన్నారు.

రాగూ అనే మాంసం కూర రెసిపీ కూడా 1982లో అక్కడే దాఖలైంది. 2023లో సవరణ చేసి మళ్లీ దాఖలు చేశారు, పద్ధతిగా. మిగతా ప్రపంచం లొట్టలేసుకుని తినే స్పగెట్టి బొలోనీజ్ మాత్రం ఆ ఊరి రికార్డుల్లో లేదు. హోటల్లో అడిగి చూడండి, పోరంబోకుకు పట్టా అడిగినవాణ్ణి చూసినట్టు చూస్తారు. మధ్యాహ్నం కాపుచినో అడిగినా అంతే. గడువు దాటిన దరఖాస్తు.

మన దగ్గర మాత్రం రికార్డు లేదా అంటారు. ఉంది. తిరుపతి లడ్డూకు 2009లో, బందరు లడ్డూకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ పూతరేకు మందం ఎంతో బంగారంతో చేయించి పెట్టిన నాథుడు లేడు. చేయించినా కష్టమే, ఎవరైనా తుమ్మితే నమూనా కిటికీలోంచి పోతుంది.

మర్నాడు పొద్దున్నే పార్మిజానో రెజ్జానో చీజ్ చేసే చోటికి తీసుకెళ్లారు. తిరగేసిన గంటల్లాంటి రాగి గంగాళాలు. ఒక్కో దాంట్లో వెయ్యి లీటర్ల పైచిలుకు పాలు పడితే చివరికి రెండు చీజ్ చక్రాలొస్తాయి, ఒక్కోటి నలభై కిలోల దాకా. వాటిని కవలలంటారు. పన్నెండు నెలలు నిండాక ఇన్‌స్పెక్టర్ వచ్చి చిన్న సుత్తితో కొడుతూ చెవి ఒగ్గి వింటాడు, సంతలో కుండ కొనేటప్పుడు మా అమ్మ విన్నట్టు. శబ్దం బాగుంటే ముద్ర కాల్చి వేస్తారు. తేడా వస్తే చీజ్ పై తొక్క మీదున్న పేరు కూడా గీకేస్తారు. అక్కడివాళ్ల ముఖాల్లో ఆ టెన్షన్ ఊహించుకుంటే మా ఆఫీసుకు ఆడిట్ వచ్చిన రోజులు గుర్తొచ్చాయి. మాకు మాత్రం పేర్లు గీకలేదు, బదిలీ చేశారు.

అసలు విశేషం తాకట్టు. క్రెడిటో ఎమిలియానో అనే బ్యాంకు 1953 నుంచి ఈ చక్రాలను పూచీగా పెట్టుకుని అప్పులిస్తోంది. మన గాజులు లాకర్లో పడి ఉంటాయి, పెరగవు, తరగవు. చీజ్ అక్కడ కూర్చునే ముదిరి రేటు పెంచుకుంటుంది. కాకపోతే దాన్ని ఎప్పటికప్పుడు తుడవాలి, తిరగెయ్యాలి. మన బ్యాంకువాళ్లు ఆ పని చేస్తారా? కౌంటర్లో మన వైపు తిరగడానికే వాళ్లకు అరగంట పడుతుంది.

ఇంత పకడ్బందీ రికార్డులోనూ ఒక లొసుగు బయటపడింది. మా ఆవిడ శాకాహారి. రెండు రోజులుగా పాస్తా మీద, సలాడ్ మీద, ఉత్తి చేతిలోనూ ఈ చీజే తింటోంది. పాలు విరగడానికి పాలు తాగే దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వేస్తారని గైడు అమ్మాయి నవ్వుతూ చెప్పింది. మా ఆవిడ నోట్లో ముక్క అక్కడే ఆగిపోయింది.

"ఏమండీ, ఈ సంగతి మీకు ముందే తెలుసా?"

తెలియదన్నాను. ప్రమాణం చేసి చెప్పమనలేదు కాబట్టి ఇబ్బంది లేకపోయింది. ఈసీ, అంటే ఆస్తి మీద పాత లావాదేవీల పత్రం, తీయించకుండా స్థలం కొన్న కేసు ఇది. ఇలాంటి వాటిలో కొన్నవారిదే తప్పని మేం వేలమందికి చెప్పి పంపాం. ఆ మాట ఇంట్లో చెప్పే ధైర్యం మాత్రం లేకపోయింది.

పక్కనే పశువుల కొట్టం. ఆ ఆవులు ఏ మేత తినాలో, అందులో ఎంత భాగం అక్కడి నేలలోనే పండాలో నిబంధనల్లో రాసుంది. సైలేజీ, అంటే మాగబెట్టిన పచ్చిమేత, పెట్టకూడదు. ఆవు గురించి అంత రాశారు, పాలు పితికే మనిషి గురించి ఏమీ లేదు. ఆ మనిషి తలపాగా పెట్టుకుని ఉన్నాడు. పో నది మైదానంలో ఇలాంటి కొట్టాల్లో పంజాబ్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది పనిచేస్తున్నారు. దగ్గర్లోని నొవెల్లారాలో 2000లో పెద్ద గురుద్వారా కూడా వెలిసింది. గైడు ఆయన్ని పరిచయం చేయలేదు. మా బృందంలో ఒకాయన ఫోటో తీస్తూ, ఫ్రేములోంచి కొంచెం పక్కకు జరగమని ఆయనకే సైగ చేశాడు. 'అచ్చమైన ఇటలీ' ఫోటో కావాలి కదా. మా ఆవిడ తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో, ఈ చీజ్ మీరు తింటారా అని అడిగింది. ఆయన నవ్వి చెయ్యి అడ్డంగా ఊపాడు. మూడు తరాల పత్రాలున్న సరుకు, సాక్షి సంతకం లేదు.

మోడెనాలో వెనిగర్ ఇంటి అటక మీద ఉంటుంది. మన అటక మీద ఇత్తడి బిందెలు, పెళ్లినాటి సూట్‌కేసు ఉన్నట్టు. ద్రాక్షరసం మరగబెట్టి, రకరకాల చెక్కల పీపాల్లో పెద్ద దాంట్లోంచి చిన్న దాంట్లోకి మారుస్తూ కనీసం పన్నెండేళ్లు ఉంచుతారు. పాతికేళ్లదైతే ఇంకా పై తరగతి. అమ్మేది వంద మిల్లీలీటర్ల సీసాలో, దాని ఆకారమూ ఖరారే. పూర్వం ఆడపిల్ల పుడితే ఒక వరస పీపాలు మొదలుపెట్టి పెళ్లికి ఇచ్చి పంపేవారట. అంటే పసుపు కుంకుమ కింద వెనిగర్. స్టాంపు డ్యూటీ ఏ విలువ మీద కట్టేవారని అడిగాను. గైడు ఇంకో గదిలోకి వెళ్లిపోయింది.

కొండ ప్రాంతంలో ఒక రాత్రి పోలెంటా పెట్టారు. తెలంగాణలో మక్క గట్క అంటారే, అదే, ఉప్పు తేడాగా. మెనూలో ఆ విభాగం పేరు 'పేదల వంట'. ధర పదహారు యూరోలు. ఆ పేదల సంగతి కార్డు మీద లేదు. ఇది తప్ప వేరే తిండి దొరకని ఉత్తర ఇటలీ కూలీలకు 18, 19 శతాబ్దాల్లో చర్మం పగిలి, మతి చలించే జబ్బు వచ్చేది. పెల్లాగ్రా అని పేరు పెట్టిందీ ఇటలీవాళ్లే, గరుకు చర్మం అని అర్థం. మన దక్కన్‌లో జొన్నలే తిని బతికిన పేదల్లోనూ అదే జబ్బు కనబడితే, 1960ల్లో హైదరాబాద్‌లోని ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ దాని మీద పరిశోధన చేసింది. ఆస్తి చేతులు మారినప్పుడు పాత బకాయిలు రాయకుండా వదిలేస్తారు. మా ఆఫీసులో దాన్ని మోసం అంటాం. అక్కడ వారసత్వం అన్నారు. పక్క టేబుల్ ఆయన "ఎంత ఆరోగ్యమో!" అంటూ రెండోసారి వడ్డించుకున్నాడు.

కియాంతీ గురించి ఎక్కువ చెప్పను. 1716లో గ్రాండ్ డ్యూక్ మూడో కోసిమో ఆ వైన్‌కు హద్దులు రాయించాడని తెలిసి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. 1932లో చుట్టుపక్కల ఊళ్లన్నిటినీ కియాంతీలో కలిపేశారని తెలిసి ఆ దణ్ణం వెనక్కి తీసుకున్నాను. శంషాబాద్ పక్కనే అని చెప్పి షాద్‌నగర్ దాటాక ప్లాటు చూపించడం మనవాళ్లు కనిపెట్టిందనుకున్నానే! రుచి చూసి ఉమ్మేయమన్నారు. డబ్బు కట్టింది ఉమ్మడానికా?

సియెనా దగ్గర పొలంలో ఆఖరి పాఠం. అక్కడి రొట్టెలో ఉప్పుండదు, అది మర్చిపోయి కాదు, ఆచారం. నేర్పేది ఒక 'నోన్నా', అంటే నాయనమ్మ. ఆవిడకు అరవై ఉంటాయేమో. అరవై నాలుగేళ్ల మా ఆవిడ నోరు విప్పకుండా కొంగు బిగించింది. పీచి అనే పాస్తా, చేత్తోనే చెయ్యాలి. చిన్న ముద్ద తీసుకుని, చెక్క బల్ల మీద అరచేతుల కింద ముందుకీ వెనక్కీ నలుపుతూ, రెండు చేతులూ మెల్లగా దూరం జరపాలి. అమెరికావాళ్లకు ఒక చోట లావు, ఒక చోట దారం. నాకు వానపాములు. మా ఆవిడ కాసేపు చూసి, "తాలికలేగా" అంది.

వినాయక చవితికి పాలతాలికలు చేసిన చేతులవి. బియ్యప్పిండైతే జానెడు దాటగానే తెగుతుంది, అందుకని వేళ్లకు నెయ్యి రాసుకుని దాన్ని బతిమాలాలి. ఇది గోధుమపిండి, బతిమాలకుండానే సాగుతోంది. ఆవిడ చేతిలో మూర, రెండు మూరలు, బల్ల అంచు దాటి వేలాడేదాకా ఒకే సన్నం. నోన్నా వచ్చి నిలబడింది. వేళ్ల మధ్య పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు తడిమింది. ఎక్కడా లావు తగల్లేదు. నోన్నా మా ఆవిడ రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుంది. మా ఆవిడ పిండి చేత్తోనే బుగ్గలు తుడుచుకుని తర్వాతి ముద్ద తీసుకుంది.

సాయంత్రం అందరికీ పాస్తా సర్టిఫికెట్లు, మందపాటి కాగితం, ఎర్ర ముద్ర. చదవకుండా కాగితం తీసుకోవడం నాకు చేతకాదు. మా ఆవిడ పేరు అన్నపూర్ణ. గైడు అమ్మాయి వాళ్ల దేశపు చెవితో విని, ఒక పేరును ఇద్దరికీ పంచింది. ఆవిడ కాగితం మీద 'సిన్యోరా అన్నా'. నా కాగితం మీద 'సిన్యోర్ పూర్ణా'.

ముప్పై నాలుగేళ్లు జనం పేర్లలో పొల్లులు దిద్దిన మనిషిని. సవరణ దస్తావేజు రాయించాల్సిందే అని లేచాను. మా ఆవిడ నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఉండనివ్వండి. చీజ్ సంగతి మీకు ముందే తెలుసు కదా?"

రెండు సర్టిఫికెట్లూ ఇప్పుడు మా హాల్లో ఫ్రేములో ఉన్నాయి. వచ్చినవాళ్లు పూర్ణాగారెవరని అడుగుతున్నారు.