ఆదివారం మైకు ఎవరి చేతిలో ఉండాలి?

2024 ఎన్నికలు ఇంకో నెలలో ఉన్నాయనగా ఒక ఆదివారం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సోంపేటకు దగ్గర్లోని ఓ చిన్న క్రైస్తవ సంఘం. రేకుల షెడ్డు, కింద చాపలు, గుమ్మం బయట చెప్పుల గుట్ట. దేవుడు చేసిన మేలు అందరి ముందు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో ఒక ముసలామె లేచి నిలబడింది. ఆమె భర్త కిడ్నీ జబ్బుతో డయాలసిస్ మీద ఉన్నాడు. నాలుగు మాటలు చెప్పిందో లేదో బయట కార్లు ఆగాయి. పోటీలో ఉన్న ఓ నాయకుడు, వెనక పదిహేను మంది. పాస్టరు గారు ఎదురెళ్లి తీసుకొచ్చి, శాలువా కప్పి, మైకు చేతికిచ్చారు. ఆ ముసలామె కొంగు పట్టుకుని అటూ ఇటూ చూసింది. మగవాళ్ల వరసలో చివరనున్న నన్ను "నాను కూకోనా బాబూ?" అని అడిగి కూర్చుండిపోయింది.

నాయకుడు ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఆయన గెలుపు కోసం ప్రార్థన కూడా జరిగింది. ఆమె సాక్ష్యం మాత్రం ఆ రోజు మేం వినలేదు.

నేను పాతకాలపు విశ్వాసిని. బాప్తిస్మం అంటే నీళ్లలో ముంచడమేననీ, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల దగ్గరికి వచ్చే ముందు ఎవరితో తగాదా ఉన్నా సర్దుకోవాలనీ నేర్పిన ఇంట్లో పెరిగాను. ఇప్పటికీ అవే నమ్ముతాను. కొత్త పద్ధతులు ఎక్కువైపోయాయని మా తరం వాళ్లం కీబోర్డుల గురించి, సౌండ్ బాక్సుల గురించి గొణుగుతుంటాం. అసలు గొణగాల్సింది ఆ మైకు గురించి.

చట్టం సంగతే ముందు చెబుతాను. ఆరాధన స్థలాలను రాజకీయ పనులకు వాడకూడదని 1988లోనే పార్లమెంటు చట్టం చేసింది. అది గుడికీ మసీదుకూ ఎంత వర్తిస్తుందో చర్చికీ అంతే. మతం పేరుతో ఓటు అడగడం అక్రమమని ప్రజాప్రాతినిధ్య చట్టంలో ముందు నుంచీ ఉంది. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పేనని 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం నలుగురి మెజారిటీతో తేల్చింది. వేరే వాళ్లు ఇవి మీరినప్పుడు మనం బాధపడతాం. మన షెడ్డులో మనమే మీరితే ఆ బాధలో బలం ఉండదు.

కానీ నా అసలు బాధ చట్టం గురించి కాదు. బైబిల్లో, యుద్ధానికి వెళ్లమంటారా అని అహాబు రాజు అడిగితే నాలుగు వందల మంది ప్రవక్తలు వెళ్లమన్నారు. మీకాయా ఒక్కడే వేరే మాట చెప్పాడు. అతన్ని చెరసాలలో వేశారు. ఈ కథ సండేస్కూల్ పిల్లలకు చెబుతాం. శాలువా కప్పిన చేతులతో, రేపు అదే నాయకుడు ఇసుకలోనో ఇళ్ల స్థలాల్లోనో తప్పు చేస్తే, ఇది తప్పయ్యా అని చెప్పగలమా?

గౌరవ వేతనం సంగతీ ఇక్కడే మాట్లాడాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 రూపాయలు ఇస్తోంది. ఇమాములకూ అర్చకులకూ ఇస్తున్నప్పుడు మనకెందుకు వద్దు అంటారు చాలామంది. తీసుకునే పాస్టరును నేను నిందించను. ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు, ముప్పై కుటుంబాల సంఘం, అందులోనూ కుర్రాళ్లంతా చెన్నైలోనో హైదరాబాద్‌లోనో. అయినా మనం ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ అయిన బాప్టిస్టులం. మన విశ్వాసానికి పూర్వీకుల్లో ఒకడైన థామస్ హెల్విస్ 1612లో, రాజుకు ఆత్మల మీద అధికారం లేదని రాసి ఇంగ్లండ్‌లో జైలుపాలయ్యాడు. పోషించే చేతిని గద్దించడం ఎంత కష్టమో ఆయన తరం వాళ్లకు తెలుసు.

మా అమ్మ బియ్యం కడిగే ముందు ప్రతి పూటా ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేసేది. ఆదివారం ఆ డబ్బా గుడ్డ సంచిలో గుమ్మరించి చర్చికి పట్టుకెళ్లేది. ఆ పిడికెడు బియ్యంతోనే పాస్టరు అయ్యగారి ఇల్లు గడిచేది. తిత్లీ తుపాను వచ్చిన 2018 అక్టోబరులో జీడి, కొబ్బరి తోటలన్నీ నేలకొరిగాయి, మా షెడ్డు రేకులూ ఎగిరిపోయాయి. అప్పుడు కూడా ఆ బియ్యం ఆగలేదు. ఇవాళ చాలా ఇళ్లలో ఆ డబ్బా కనిపించడం లేదు. పాస్టరు ఐదు వేల కోసం ఎదురు చూస్తున్నాడంటే అందులో సగం తప్పు మనది.

ఇంకో మాట ఉంది, చెప్పడం కష్టం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుల్లో హిందువులే ఎస్సీలు. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సీ గ్రూపు, వాళ్ల రిజర్వేషన్ ఒక్క శాతం. బాప్తిస్మంతో కులం పోయిందా అంటే, పెళ్లి సంబంధాలు చూసే రోజున పోలేదని మన సంఘాలే చెబుతాయి. అందుకే ఆ ఉత్తర్వు అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని 2023 మార్చిలో మన శాసనసభ తీర్మానించింది. కేంద్రం అంతకుముందే, 2022లో, ఈ విషయం పరిశీలించడానికి జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. అదే సమయంలో, ఆదివారం క్రైస్తవులుగా ఒక పేరు, కుల సర్టిఫికెట్‌లో హిందువులుగా ఇంకో పేరు పెట్టుకుని బతకడం మన పిల్లలకు అబద్ధాన్ని అలవాటు చేస్తోంది. ఆ టెన్షన్ వల్లే ఏ నాయకుడొచ్చినా లేచి నిలబడుతున్నాం. న్యాయం కోసం బహిరంగంగా అడుగుదాం. దాక్కుని దయ కోరడం వద్దు.

ఈ మాటలన్నీ సంఘ పెద్దల కూటంలో అన్నాను. ఒక పెద్ద అన్నారు: "ఎవరైనా వచ్చి గొడవ చేస్తే స్టేషన్‌లో మన తరఫున మాట్లాడేవాడు ఉండాలి కదా?" ఆ భయం ఉత్తిది కాదు, నాకూ ఉంది. కానీ సోంపేట మిషన్ ఆసుపత్రిలో కెనడా బాప్టిస్టు డాక్టరు బెన్ గలిసన్ వేలమందికి కంటి ఆపరేషన్లు చేశారు. ఉద్దానంలో మన పేరుకు మర్యాద తెచ్చింది ఆ ఆసుపత్రి. ఏ నాయకుడి సిఫారసూ తేలేదు. చివరికి పెద్దలు ఒక్కటి ఒప్పుకున్నారు: నాయకులు వస్తే రావచ్చు, చాప మీద కూర్చోవచ్చు, మైకు మాత్రం ఇవ్వం. రాబోయే పంచాయతీ ఎన్నికల్లో ఇది నిలబడుతుందో లేదో చూడాలి.

ఆ ఆదివారం జరిగిన మూడు వారాలకు ముసలామె ఇంటికి వెళ్లాను. ఆ రోజు ఏం చెప్పాలనుకున్నావమ్మా అని అడిగాను. భర్తను వారానికి రెండుసార్లు సోంపేట డయాలసిస్‌కు బండి మీద తీసుకెళ్లి తీసుకొస్తున్నది పక్కింటి కుర్రాడట. ప్రతి శనివారం గుడికి వెళ్లే ఇల్లు వాళ్లది. పెట్రోలు డబ్బులిస్తే తీసుకోడట.

"ఆ పిల్లడి పేరు సెప్పి దేవుడికి వందనాలు సెప్పాలనుకున్నాను బాబూ" అంది.