‘ఇతరాలు’ గారికి దండం పెట్టి రాసేది ఏమనగా

శ్రీయుత ‘ఇతరాలు’ గారికి,
చివరి వరుస, మార్కెట్ యార్డు నెలవారీ రిపోర్టు, నల్లగొండ–పాలమూరు.

దండాలు. మీరు క్షేమంగానే ఉంటారు, ఎందుకుండరు? డేటాబేస్‌ను లెక్కలడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో రిపోర్టు రాయడానికి కూర్చున్న ప్రతివాళ్లూ ‘కేస్’ అని మొదలుపెడతారు. ‘ఫలానా అయితే ఫలానా’ అనే ‘వెన్’లు నాలుగు కొట్టేసరికి ఓపిక అయిపోతుంది. ఇక ‘ఏదీ కుదరకపోతే ఇతరాలు’ అనే అర్థంలో ‘ఎల్స్ ఇతరాలు ఎండ్’ అని మీకో ఇల్లు కట్టించి చాయ్‌కి పోతారు. పైవాళ్లందరికీ షరతులున్నాయి. మీకొక్కరికే షరతు లేకుండా సీటు.

మీరు పుట్టిందెట్లాగో మీకు తెలుసో లేదో. తక్‌పట్టీ (యార్డులో అమ్మకానికి రాసే చీటీ) పట్టికలో నంబరు, తేదీ, పంట, తూకం, డబ్బులు ఉంటాయి. ‘వర్గం’ అనే గడి ఉండదు. పైనుంచి అడిగేది మాత్రం ధాన్యం ఎంత, అపరాలు ఎంత, నూనెగింజలు ఎంత అని. అందుకే ఏ గింజ ఏ కుప్పలోకి పోవాలో కేస్ చెప్తుంది, గ్రూప్ బై ఆ కుప్పలు పోస్తుంది, సమ్ కాంటా వేస్తుంది. కుప్పలో ఏం పోశారో కాంటాకు ఎరుకుండదు. పోసిందల్లా తూస్తుంది.

మీ కుప్పలో ఏముందో ఒకసారి చెయ్యి పెట్టి చూశారా? కేస్ రాసినాయన పుస్తకాల తెలుగులో ‘వేరుశనగ’ అని రాశాడు. వనపర్తిలో తక్‌పట్టీ రాసినాయన ‘పల్లికాయ’ అన్నాడు. ‘మొక్కజొన్న’కు సీటు దొరికింది, ‘మక్కలు’ మీ ఇంటికి వచ్చాయి. ‘రాగులు’ చిరుధాన్యాల్లో దర్జాగా కూర్చుంటే ‘తైదలు’ మీ దగ్గర కిరాయికున్నాయి. ‘అలసందలు’ అపరాలయ్యాయి, ‘బెబ్బర్లు’ దిక్కులేనివయ్యాయి. వడ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ‘వరి’ అని ఒకరు, ‘ధాన్యం’ అని ఇంకొకరు, ఏకంగా ‘బీపీటీ 5204’, ‘ఆర్‌ఎన్‌ఆర్ 15048’ అని మరొకరు. అన్నీ వడ్లే. తాలు అని పక్కకు నెట్టిన కుప్పలో ఉన్నవన్నీ గట్టి గింజలే. వాటి తప్పల్లా ఇంటి పేరుతో రావడమే.

దానికితోడు బత్తాయి. నల్లగొండలో దాన్ని టన్నుల్లో అమ్ముతారు, గింజలను క్వింటాళ్లలో. రెండూ ఒకే ‘తూకం’ గడిలో ఉంటే 12 టన్నుల బత్తాయి, 12 క్వింటాళ్ల బెబ్బర్లు కలిపి మీ వరుసలో 24 అని వస్తుంది. 24 ఏమిటని మాత్రం అడగొద్దు. యూనిట్ గడి చూసి టన్నును 10తో గుణించాకే సమ్ చెయ్యాలి.

కొంతమంది తెలివిగా, పేరులో ఒక ముక్క దొరికితే చాలు పట్టుకునే ‘లైక్’ వాడి మీ ఇల్లు ఖాళీ చేయిస్తామంటారు. ‘%జొన్న%’ అని రాస్తారు. మొక్కజొన్న కూడా పోయి జొన్నల్లో కూర్చుంటుంది. ‘%శనగ%’ అంటే అపరాల శనగలతో పాటు నూనెగింజల వేరుశనగ కూడా వచ్చేస్తుంది. కేస్ పైనుంచి కిందికి చూస్తూ మొదట కుదిరిన వెన్ దగ్గరే ఆగిపోతుంది, కాబట్టి ‘%వేరుశనగ%’ పైన, ‘%శనగ%’ కింద రాయాలి. నిజానికి ఈ తప్పు మీ తప్పుకన్నా ముదురు. మీ దగ్గర చేరిన గింజ కనీసం కంటికి కనిపిస్తుంది, అపరాల్లో కలిసిన పల్లీని ఎవరు ఏరుతారు?

కంటికి కనిపించనివీ ఉన్నాయి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ‘వడ్లు’ వేరు, చివర ఒక ఖాళీ ఉన్న ‘వడ్లు ’ వేరు. దానికి అటూ ఇటూ ఖాళీలు కోసే ట్రిమ్ సరిపోతుంది. ‘ఆర్‌ఎన్‌ఆర్’లో పొల్లు తర్వాత కొందరి కీబోర్డు వెడల్పు లేని అక్షరం ఒకటి దూరుస్తుంది, నంబరు 8204. చూడడానికి రెండూ ఒకటే, పోల్చితే రెండు వేరు. ట్రిమ్ దాన్ని ముట్టదు, రీప్లేస్‌తోనే తీసేయాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే ఇంకో డేటాబేస్‌లో అయితే తెలుగు మాటల కొటేషన్ ముందు ‘ఎన్’ అక్షరం మరిచిపోతే, సాధారణ కొలేషన్లలో (అక్షరాల అమరికల్లో) మీరు రాసిన ‘వడ్లు’ ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. ఒక్క వెన్ కూడా కుదరదు. ఊరంతా మీ ఇంట్లోనే!

అయినా మీకు పరువు తగ్గదు. ఎందుకంటే మీరున్నంత కాలం టోటల్ కుదురుతుంది. వర్గాలన్నీ కూడితే మొత్తం తూకం వస్తుంది, సంతకం పడుతుంది, ఫైలు పోతుంది. కుదిరిన టోటల్ చూసి వర్గాలు కూడా కుదిరాయనుకుంటారు జనం. మిమ్మల్ని తీసేసి ఎల్స్ రాయకుండా వదిలేస్తే కుదరని వరుసలన్నీ ‘నల్’ (విలువే లేని ఖాళీ) అయి పేరులేని కుప్పగా వస్తాయి. అప్పుడు ఇంకో తమాషా. రోలప్‌తో వేసిన మొత్తం వరుసకూ వర్గం గడిలో నల్లే ఉంటుంది. కోఅలెస్‌తో నల్‌ను ‘మొత్తం’ అని మారిస్తే రిపోర్టులో రెండు ‘మొత్తం’లు ప్రత్యక్షం. ఏది అసలుదో చెప్పేది గ్రూపింగ్ ఫంక్షన్ ఒక్కటే. అది 1 అంటే టోటల్, 0 అంటే పంట పేరు దొరకని వరుస. ఇంకోమాట, ‘కేస్ పంట వెన్ నల్’ అని రాస్తే ఏనాటికీ కుదరదు. ‘కేస్ వెన్ పంట ఈజ్ నల్’ అని రాయాలి.

మీ తమ్ముడు ‘ఎల్స్ 0’ కూడా తక్కువోడు కాదు. వర్గాలు అడ్డంగా గడుల్లో కావాలని సమ్ లోపల కేస్ పెట్టినప్పుడు అతను మంచోడే. కౌంట్ లోపల పెడితే మాత్రం సున్నాను కూడా లెక్కబెట్టి ప్రతి గడిలో మొత్తం వరుసల సంఖ్యే చూపిస్తాడు. యావరేజ్‌లో పెడితే సగటును పాతాళానికి లాగుతాడు.

భూముల లెక్కల్లో మీ వ్యాపారం ఇంకా జోరు. రికార్డులో 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు. 40 గుంటలకు ఎకరం కాబట్టి అది రెండున్నర. డేటాబేస్‌కు మాత్రం రెండు పాయింట్ రెండు. 1.30, 1.20 కూడితే అది 2.50 అంటుంది, అసలు లెక్క 3 ఎకరాల 10 గుంటలు. సన్నకారు రైతు హద్దు 2.5 అని పెడితే 2.30 ఉన్నాయన, అంటే పావు తక్కువ మూడెకరాల ఆసామి, దర్జాగా సన్నకారులో చేరిపోతాడు. ఇక బిట్వీన్‌తో ‘0 నుంచి 2’, ‘3 నుంచి 5’ అని గీతలు గీస్తే మధ్యలో ఉన్న 2.20 మీ గడప తొక్కక తప్పదు. ముందు అన్నిటినీ గుంటల్లోకి మార్చాలి: భిన్నం వదిలేసే ఫ్లోర్‌తో తీసిన ఎకరాలు 40తో గుణించి, మిగిలిన భిన్నం 100తో గుణించి కలపాలి. 2.20 అప్పుడు 100 గుంటలవుతుంది. వెన్‌లు ‘100 లోపు’, ‘200 లోపు’ అని పై హద్దులతోనే వరసగా రాస్తే సందులుండవు. ఎకరాల్లోకి మార్చడం కూడిక అయ్యాకే.

జిల్లాలు చీలాక మీకు కొత్త చుట్టాలు దొరికారు. 2016 అక్టోబర్ 11న పాత పాలమూరు ముక్కలైంది, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట వేరయింది. పాత జిల్లా లెక్క కావాలంటే ఐదు కొత్త జిల్లాల పేర్లు ఇన్‌లో పెట్టి చేతులు దులుపుకుంటారు. షాద్‌నగర్ రంగారెడ్డిలో ఉంది, కొడంగల్ వికారాబాద్‌లో ఉంది. అవి మీ పాలు. రంగారెడ్డి మొత్తాన్ని పాలమూరులో కలపలేం కదా, మండలం స్థాయికి దిగాల్సిందే. దిగి, మండలం పేరు ఒక్కటే చూసి మండలాల పట్టికతో జాయిన్ వేస్తే (రెండు పట్టికలు జత చేస్తే) మరో గండం. మద్దూరు నారాయణపేటలోనూ ఉంది, సిద్దిపేటలోనూ ఉంది. మద్దూరు వరుస ఒక్కోటి రెండయి టోటల్ పెరుగుతుంది. జిల్లా, మండలం రెండూ కలిపి జాయిన్ వెయ్యాలి, ఆ జంట రెండోసారి రాకుండా యునీక్ కట్టడి పెట్టాలి.

గ్రూప్ బైలో వర్గం పేరు నేరుగా రాస్తే పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ ఒప్పుకుంటాయి, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఒప్పుకోదు. కేస్‌ను ముందే పేరు పెట్టి ఉంచుకునే ‘విత్’ లోపల ఒక్కసారి రాసుకుంటే ఎక్కడైనా నడుస్తుంది. కొత్త గడికి ‘పంట’ అనే పాత పేరే పెట్టారో, పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ రెండూ అసలు గడినే పట్టుకుని గ్రూప్ చేస్తాయి, ‘ధాన్యం’ నాలుగైదు వరుసల్లో వస్తుంది.

కాబట్టి మీకు నోటీసు. వెన్‌ల పొడుగాటి జాబితా తీసేసి రెండు గడుల పట్టిక పెడుతున్నాం: తక్‌పట్టీలో రాసే పేరు, దాని వర్గం. తైదలు, మక్కలు, పల్లికాయ అన్నిటికీ అందులో చోటుంది. జత దొరకని వరుసలను కూడా ఉంచే లెఫ్ట్ జాయిన్ వేసి, పంట నల్ అయితే ‘పేరు రాయలేదు’ అని, పేరుండీ పట్టికలో లేకపోతే ‘వర్గం ఇవ్వలేదు’ అని విడగొడతాం. ఇన్నర్ జాయిన్ వేస్తే ఆ వరుసలు అసలే మాయమవుతాయి కాబట్టి అది వద్దు. రిపోర్టు ఇచ్చే ముందు ‘వర్గం ఇవ్వలేదు’ వరుసలను పంట పేరుతో గ్రూప్ చేసి, తూకం పెద్దది పైకొచ్చేలా వరస పెట్టి, పై పది పేర్లు చూసి పట్టికలో చేరుస్తాం. తర్వాత కూడా మిగిలితే, నిజంగా ఇతరమైన గింజ ఏదైనా ఉంటే, మీ ఇల్లు మీకే.

ఇట్లు,
మీ లోపల కిరాయికున్న తైదల తరఫున,
పాలమూరు లెక్కలు చూసుకునేవాళ్లు

తా.క.: వర్గం పేరుతో ఆర్డర్ బై (వరస పెట్టడం) పెడితే ‘ఇ’ ముందొస్తుంది కాబట్టి చిరుధాన్యాలు, ధాన్యం, నూనెగింజలకన్నా మీరే పైన కూర్చుంటున్నారు. ఈ నెల నుంచి ఆర్డర్ బైలో మీ పేరొస్తే 1, మిగతావాళ్లకు 0 అని ఇంకో కేస్ పెట్టాం. చివరికి జరిగి కూర్చోగలరు.