ఏడవనివారి జాబితా

2025 సెప్టెంబర్ 10 మధ్యాహ్నం అమెరికాలో, యూటా రాష్ట్రంలోని ఓరెమ్ పట్టణంలో, యూటా వ్యాలీ విశ్వవిద్యాలయం ఆవరణలో, సుమారు 3,000 మంది చూస్తుండగా సంప్రదాయవాద యువజన నాయకుడు, ట్రంప్ మద్దతుదారు చార్లీ కిర్క్‌ను కాల్చి చంపారు. ఆయన వయసు 31. భార్య, ఇద్దరు పసిపిల్లలు ఉన్నారు. ‘నేను చెప్పేది తప్పని నిరూపించండి’ అని రాసి ఉన్న గుడారం కింద కూర్చొని, సామూహిక కాల్పుల గురించి ఒకరు అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతుండగా, దాదాపు 130 మీటర్ల దూరంలోని భవనం పైకప్పు మీది నుంచి ఒకే ఒక్క తూటా వచ్చింది. మాట్లాడే మనిషిని చంపకూడదు, చంపినవాణ్ణి చట్టప్రకారం శిక్షించాలి అని చెప్పి పెన్ను మూసేస్తే నిజానికి ఈ విషయం ముగిసిపోతుంది. అయితే అంతటితో సరిపెట్టుకునే అలవాటు ఆధునిక ప్రజాజీవితానికి లేదు కనుక, ఆ తర్వాతి వారాల్లో అమెరికా సంతాప శాస్త్రంలో సాధించిన ప్రగతిని భావితరాల కోసం నమోదు చేయడం అవసరమని భావిస్తున్నాను.

మొట్టమొదట మెచ్చుకోవలసినది వేగాన్ని. చావు కబురు విన్న మనిషికి కాసేపు నోట మాట రాకపోవడం అనే పాతకాలపు జాప్యాన్ని ఈసారి సమూలంగా తొలగించారు. హంతకుడెవరో పోలీసులకు తెలియకముందే అతడు ఏ పార్టీవాడో ప్రజలకు తెలిసిపోయింది. వచ్చిన చిక్కల్లా సగంమందికి ఒక పార్టీ అని, తక్కిన సగంమందికి మరో పార్టీ అని తెలియడమే. ఈ ఉత్సాహం అధికారులకూ అంటుకుంది. నేరం చేసిన వ్యక్తి తమ అదుపులో ఉన్నాడని ఎఫ్‌బీఐ డైరెక్టర్ కాష్ పటేల్ ఎక్స్‌లో ప్రకటించి, రెండు గంటలు తిరగకముందే అతణ్ణి విచారించి వదిలేశామని మళ్లీ ఎక్స్‌లోనే ప్రకటించారు. ఈ లోపల ఔత్సాహిక పరిశోధకులు కెనడాలో తన మానాన తాను బతుకుతున్న ఒక విశ్రాంత ఉద్యోగి ఫొటోను పట్టుకొచ్చి, హంతకుడు ఇతడేనని తేల్చిపారేశారు. ఆ పెద్దమనిషి సరిహద్దు దాటకుండానే, తుపాకీ ముట్టకుండానే, ఒక పూటలో ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు.

యూటా గవర్నర్ స్పెన్సర్ కాక్స్ ఈ మొత్తం వ్యవహారంలో కాస్త నిదానంగా మాట్లాడినవారిలో ఒకరు. సామాజిక మాధ్యమాలు క్యాన్సర్ లాంటివని, వాటిని కట్టేసి బయటికి వెళ్లమని ఆయన దేశానికి సలహా ఇచ్చారు. ఆ సలహా సామాజిక మాధ్యమాల్లోనే విస్తృతంగా ప్రచారమైంది. ఈ పని చేసినవాడు మనవాడు కాకూడదని, వేరే రాష్ట్రం నుంచో వేరే దేశం నుంచో వచ్చినవాడై ఉండాలని 33 గంటలపాటు ప్రార్థించానని కూడా ఆయన దాపరికం లేకుండా చెప్పారు. ప్రార్థన ఫలించలేదు, పట్టుబడిన 22 ఏళ్ల యువకుడు యూటావాడే. ఈ ఒప్పుకోలును చాలామంది వెక్కిరించారు గానీ, దేశం యావత్తూ ఆ 33 గంటలూ చేస్తున్న ప్రార్థన అదే. తేడా ఏమిటంటే గవర్నర్ తన రాష్ట్రం పేరు చెప్పుకున్నారు, మిగతావారు తమ పార్టీ పేరు చెప్పుకున్నారు.

పేలని తూటాల మీద ఏవో రాతలు చెక్కి ఉన్నాయని సెప్టెంబర్ 12న ప్రకటించగానే దేశంలో శాసన పరిశోధన అనే కొత్త శాస్త్రం మొలకెత్తింది. ఒకదాని మీద పాత ఇటాలియన్ పాటలోని మాటలు, ఇంకొకదాని మీద వీడియో గేమ్‌లో వాడే బాణం గుర్తులు, మరొకదాని మీద ఇంటర్నెట్‌లో పనీపాటా లేని కుర్రాళ్లు వేసుకునే వెకిలి జోకు. శిథిలాలయాల రాతిస్తంభాల దగ్గర జీవితాలు ధారపోసిన పండితులు సైతం అంత చిన్న శాసనాల నుంచి అంత పెద్ద చరిత్రను పిండి ఉండరు. వామపక్ష ఉగ్రవాదానికి తిరుగులేని సాక్ష్యమని కొందరు, కిర్క్‌ను మెతకవాడని ఏవగించుకునే తీవ్ర కుడిపక్షవాదుల సంకేత భాష అని కొందరు అడుగున సంతకాలు చేశారు. సెప్టెంబర్ 16న ప్రాసిక్యూటర్లు హత్యానేరం మోపి, మరణశిక్ష కోరతామని చెబుతూ అభియోగపత్రం దాఖలు చేసేసరికి, దాన్ని చదవవలసిన అవసరం ఎవరికీ మిగలలేదు.

చట్టసభ సంగతి త్వరగా ముగిద్దాం, ఎందుకంటే అక్కడా త్వరగానే ముగిసింది. హత్య జరిగిన రోజే ప్రతినిధుల సభలో స్పీకర్ మైక్ జాన్సన్ మౌనం పాటించమన్నారు, పాటించారు. తర్వాత ఒక రిపబ్లికన్ సభ్యురాలు మౌనం చాలదు, గొంతెత్తి ప్రార్థించాలన్నారు. అదే రోజు కొలరాడోలో ఒక హైస్కూల్లో కూడా కాల్పులు జరిగాయి కదా, ఆ పిల్లల మాటేమిటని డెమోక్రాట్ల వైపు నుంచి అరుపులు వచ్చాయి. అటునుంచి వేలెత్తి చూపిస్తూ తిట్లు వచ్చాయి. స్పీకర్ సుత్తి పదే పదే కొట్టవలసి వచ్చింది. సంతాపం ఆ విధంగా సభా కార్యక్రమాల్లోని సహజ స్థితికి చేరుకుంది.

ఇక అసలు ఘట్టం సిద్ధాంతాల వలస. రాజకీయ నాయకులు కండువాలు మార్చడం అందరూ చూసినదే. సిద్ధాంతాలే కండువాలు మార్చుకొని ఎదుటి శిబిరంలోకి నడిచిపోవడం మాత్రం అరుదుగా కనిపించే దృశ్యం. మాటకు పర్యవసానాలుంటాయి, నోరు జారినవాడి ఉద్యోగం ఊడితే అది సెన్సార్‌షిప్ కాదు అని పదేళ్లుగా బోధిస్తూ వచ్చిన ఉదారవాదులు, సెప్టెంబర్ రెండో వారం ముగిసేసరికి భావ ప్రకటన స్వేచ్ఛకు హామీ ఇచ్చే రాజ్యాంగపు మొదటి సవరణను కంఠస్థం చేశారు. క్యాన్సిల్ కల్చర్ దేశాన్ని నాశనం చేస్తోందని, అభిప్రాయం చెప్పినందుకు తిండి లాక్కోవడం అమానుషమని అదే పదేళ్లూ వాపోయిన సంప్రదాయవాదులు మానవ వనరుల విభాగాల ఫోన్ నంబర్లు వెతకసాగారు. సెప్టెంబర్ 15న ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ స్వయంగా కిర్క్ నడిపిన పాడ్‌కాస్ట్ కార్యక్రమానికి వ్యాఖ్యాతగా కూర్చొని, ఈ హత్యకు సంబరపడేవారు కనిపిస్తే నిలదీయండి, వాళ్ల యజమానికి ఫోన్ చేసి చెప్పండి అని శ్రోతలకు పిలుపునిచ్చారు. ఇంత పెద్ద బదిలీలో ఒక్కరికీ ప్రయాణపు బడలిక కలగకపోవడం గమనార్హం.

సంబరపడినవారు లేరని కాదు. ఉన్నారు. తండ్రి పోయిన ఇద్దరు పసివాళ్లు ఉన్న ఇంటి వైపు తిరిగి నవ్వుతూ వీడియోలు తీసి పెట్టినవారు ఉన్నారు, ఆ నవ్వును రాజకీయ చైతన్యమని పిలిచినవారూ ఉన్నారు. ఇంకొందరు సున్నిత మనస్కులు తాము నవ్వలేదని, మృతుడి మాటలనే ఆయనకు అప్పజెప్పామని వివరణ ఇచ్చారు. తుపాకీ ఉంచుకునే రెండో సవరణ హక్కు నిలవాలంటే ఏటా కొన్ని తుపాకీ మరణాలు భరించక తప్పదని కిర్క్ 2023లో అన్న మాటను వారు పదే పదే పంచుకున్నారు. ఆ మాట ఆయన అన్నదే. శవం లేవకముందే దాన్ని వెతికి తీసుకురావడానికి పట్టిన శ్రద్ధ మాత్రం పూర్తిగా వారి సొంతం.

నవ్వినవారికీ, ఉటంకించినవారికీ, కేవలం ఏడవనివారికీ మధ్య తేడా చూడడం శ్రమతో కూడిన పని కనుక ముగ్గురినీ ఒకే జాబితాలో రాసుకున్నారు. ఇందుకోసం ప్రత్యేకంగా ఒక వెబ్‌సైటే వెలిసి, పేర్లు, పనిచేసే చోట్లు పంపమని ప్రజలను కోరింది. ప్రజలు వేల సంఖ్యలో పంపారు. ఉపాధ్యాయులు, నర్సులు, విమాన సంస్థల సిబ్బంది, సైనికులు, ప్రొఫెసర్లు పట్టుబడ్డారు. ఉద్యోగం పోవడం, సస్పెండ్ కావడం, విచారణ ఎదుర్కోవడం వంటివాటి పాలైనవారు 600 మందికి పైగా ఉన్నారని రాయిటర్స్ వార్తా సంస్థ నవంబర్‌లో లెక్క తేల్చింది. ఏ పోస్టూ పెట్టకుండానే, వేరొకరి పోస్టు పొరపాటున తన పేరుకు తగులుకొని, బెదిరింపులు అందుకున్న బడి ఉద్యోగిని కూడా ఇందులో భాగస్వామురాలైంది. అంత పెద్ద జాబితాలో ఒకటీ అరా అచ్చుతప్పులు ఉంటాయి మరి.

అటార్నీ జనరల్ పామ్ బాండీ ఈ కృషికి సిద్ధాంత బలం చేకూర్చారు. భావ ప్రకటన స్వేచ్ఛ వేరు, విద్వేష ప్రసంగం వేరు, రెండోదానికి దిగితే వెంటాడతాం అని ఆమె సెలవిచ్చారు. అమెరికాలో విద్వేష ప్రసంగమనేది చట్టరీత్యా లేనేలేదని, వికారమైన మాటలకూ దుర్మార్గమైన మాటలకూ సైతం మొదటి సవరణ రక్షణ ఉందని 2024 మేలో రాసినాయన ఒకరున్నారు. ఆయన పేరు చార్లీ కిర్క్. తన ఉద్దేశం హింసాత్మక బెదిరింపుల గురించేనని ఆమె మరునాడు సవరించుకున్నారు. మృతుడి అభిప్రాయాలను గౌరవించడానికి ఆయన అభిప్రాయాలు అడ్డురావడం సంతాప శాస్త్రంలో ఇంకా పరిష్కారం కాని సమస్య.

టీవీ హాస్యగాడు జిమ్మీ కిమ్మెల్ కథ తెలిసినదే. నిందితుడి రాజకీయాల గురించి ఆయన చేసిన ఒక వ్యాఖ్యపై ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఛైర్మన్ బ్రెండన్ కార్ మాట్లాడుతూ, దీన్ని సులువైన మార్గంలోనైనా తేల్చుకోవచ్చు, కష్టమైన మార్గంలోనైనా తేల్చుకోవచ్చు అన్నారు. సెప్టెంబర్ 17న ఏబీసీ టీవీ సంస్థ కిమ్మెల్ కార్యక్రమాన్ని ఆపేసింది, 23న తిరిగి మొదలుపెట్టింది. కార్ మాటతీరు మాఫియా ధోరణిలో ఉందని అన్నది ప్రతిపక్షం కాదు, రిపబ్లికన్ సెనేటర్ టెడ్ క్రూజ్. ఆయన సిద్ధాంతానికి వలస బండి అందలేదేమో తెలియదు.

అందరికంటే ఎక్కువ శ్రద్ధగా చదవవలసినది టెనెసీ రాష్ట్రంలో జరిగిన ఉదంతం. అక్కడ ఒక మాజీ పోలీసు అధికారి, కిర్క్ సంతాప ప్రార్థనకు సంబంధించిన ఫేస్‌బుక్ చర్చలో ఒక బొమ్మ పెట్టాడు. బొమ్మలో ఉన్నది డొనాల్డ్ ట్రంప్. రాసి ఉన్నది కూడా ట్రంప్ మాటే: 2024 జనవరిలో అయోవా రాష్ట్రంలోని పెర్రీ హైస్కూల్లో కాల్పులు జరిగినప్పుడు, దీన్ని దాటుకొని ముందుకు వెళ్లాలి అని ఆయన అన్నది. ఫేస్‌బుక్ బొమ్మ వెలిసిన జిల్లా పేరు, దురదృష్టవశాత్తూ, పెర్రీ కౌంటీ. అక్కడా ఒక హైస్కూలు ఉంది. కనుక ఇది మా బడి మీద దాడికి బెదిరింపు అని జనం భయపడ్డారని చెప్పి షెరీఫ్ కార్యాలయం సెప్టెంబర్‌లో అతణ్ణి అరెస్టు చేసింది. 20 లక్షల డాలర్ల బెయిలు నిర్ణయించారు. 37 రోజులు జైల్లో ఉంచి, అక్టోబర్ చివర్లో అభియోగం ఎత్తేసి ఇంటికి పంపారు. అయోవాకూ టెనెసీకీ మధ్య వందల మైళ్ల దూరం ఉందని భూగోళం తెలిసినవారు వాదించవచ్చు. దేశాధ్యక్షుడి మాటను ఉన్నదున్నట్టు తిరిగి చెప్పడం ప్రజలను భయభ్రాంతులకు గురిచేసే చర్య అని ఒక షెరీఫ్ కార్యాలయం అధికారికంగా గుర్తించిందన్న ముఖ్యాంశం ఆ వాదనలో మరుగున పడకూడదు.

ఎవరి చావుకు ఎంత ఏడవాలన్న కొలతల విషయానికి వస్తే, ఆ ఏడాది జూన్‌ను తలచుకోక తప్పదు. జూన్ 14న మిన్నెసోటా శాసనసభ మాజీ స్పీకర్, డెమోక్రాట్ మెలిస్సా హోర్ట్‌మన్‌నూ ఆమె భర్తనూ పోలీసు వేషంలో వచ్చినవాడు వాళ్ల ఇంట్లోనే కాల్చి చంపాడు. మార్క్సిస్టుల కోరిక తీరకపోతే ఇలాగే ఉంటుందని ఎక్స్‌లో చమత్కరించి, ఆ తర్వాత తీసేసిన సెనేటర్ మైక్ లీ ఏ రాష్ట్రానికి ప్రతినిధి అనుకున్నారు? యూటాకే. కిర్క్ కోసం దేశమంతటా జెండాలు సగానికి దించమని ట్రంప్ వెంటనే ఆదేశించారు. హోర్ట్‌మన్‌కూ అలా దించి ఉండాల్సింది కదా అని సెప్టెంబర్ 15న విలేకరి అడిగితే, ఎవరు, నాకు తెలియదే అన్నారు. ఇంకాస్త వెనక్కి వెళితే, 2022లో డెమోక్రాట్ నాయకురాలు నాన్సీ పెలోసీ భర్త తల మీద సుత్తితో కొట్టినవాడికి ఎవరైనా దేశభక్తుడు బెయిలు కట్టాలని తన కార్యక్రమంలో అన్నది కిర్క్. అప్పుడు అలా అనవచ్చు. అప్పటికి నియమావళి అమల్లోకి రాలేదు.

సెప్టెంబర్ 21న అరిజోనాలోని గ్లెండేల్ స్టేడియంలో సంతాప సభ జరిగింది. వేదిక మీద ఎరికా కిర్క్ తన భర్తను చంపిన యువకుణ్ణి క్షమిస్తున్నానని చెప్పారు. అన్ని రోజుల సంతాపంలో అంతవరకూ ఎవరూ వాడని మాట అది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తర్వాత మాట్లాడిన దేశాధ్యక్షుడు ఆ విషయంలో చార్లీ కిర్క్‌తో తాను ఏకీభవించనని, ప్రత్యర్థులంటే తనకు ద్వేషమేనని, వాళ్ల మేలు తాను కోరనని, ఎరికా మన్నించాలని అన్నారు. దానికీ చప్పట్లు కొట్టారు. ఒకే ప్రేక్షకులు, ఒకే రోజు, రెండు అభిప్రాయాలకూ సమానంగా అరచేతులు అప్పగించడాన్ని మించిన నిష్పాక్షికత ఆ నెలలో మరెక్కడా కనబడలేదు.

ఆఖరి ఘట్టం అక్టోబర్ 14. ఆ రోజు కిర్క్ జయంతి. శ్వేతసౌధంలో ఆయనకు మరణానంతరం దేశపు అత్యున్నత పౌర పురస్కారం ఇచ్చారు. స్వేచ్ఛ పేరిట ఇచ్చే పతకం అది. అదే రోజు విదేశాంగ శాఖ ఒక ప్రకటన విడుదల చేసింది. కిర్క్ మరణాన్ని ఎగతాళి చేస్తూ సామాజిక మాధ్యమాల్లో రాసిన ఆరుగురు విదేశీయుల వీసాలు రద్దు చేశామని, వాళ్లది అర్జెంటీనా, బ్రెజిల్, జర్మనీ, మెక్సికో, పరాగ్వే, దక్షిణాఫ్రికా అని అందులో ఉంది. మిగిలిన దేశాల పౌరులు తమ కన్నీళ్లను గడువులోగా, సరైన కౌంటర్లో దాఖలు చేసుకున్నట్టే లెక్క. ఎవరికైనా రసీదు అందకపోతే కాన్సులేట్‌ను సంప్రదించవచ్చు.