కవర్లు పంచే ముందు అవి ఎక్కడికి చేరతాయో చూద్దాం

మన సంఘం మీటింగులో మళ్ళీ అదే ప్రతిపాదన. చందాలు వేసుకుని కోనసీమ ఊళ్ళలో బయోడిగ్రేడబుల్, అంటే సూక్ష్మజీవులు తినేసి కుళ్ళిపోతాయనే, క్యారీబ్యాగులు పంచుదామట, ఫొటోలు కూడా బాగా వస్తాయట. అందరూ చేతులెత్తారు, నేను ఎత్తలేదు. ఎందుకో చెప్పేలోపే భోజనాలకి లేచిపోయారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఈ కవర్లని తినాల్సింది బ్యాక్టీరియా, శిలీంధ్రాలు. అయితే ప్లాస్టిక్ అంటే పొడవాటి గొలుసు, దాన్ని అలాగే లోపలికి తీసుకోవడం వాటి వల్ల కాదు. అందుకని ఎంజైముల్ని బయటికి వదిలి, గొలుసుని కోసి, ఆ చిన్న ముక్కల్ని పీల్చుకుంటాయి. ఎంజైము కొయ్యగలిగేది ఎస్టర్ బంధం, అంటే మధ్యలో ఆక్సిజన్ ఉన్న ఒక రకం అతుకు, ఉన్నచోట. ఈ విద్య వాటికి పాతదే. ఆకుల పైన కూటిన్ అనే పొర ఉంటుంది, అది కూడా ఎస్టర్ గొలుసే, ఆకులని పట్టే శిలీంధ్రాలు దాన్ని కోయడానికే కూటినేజ్ అనే ఎంజైము తయారుచేసుకున్నాయి. 2012లో జపాన్ వాళ్ళు కుళ్ళిన ఆకుల కంపోస్టులో ఇలాంటి కూటినేజ్ జన్యువు ఒకటి పట్టుకున్నారు, ఫ్రాన్స్ వాళ్ళు ఆ ఎంజైముకి మార్పులు చేసి, పది గంటల్లో నీళ్ళ సీసాలు చేసే పెట్ ప్లాస్టిక్‌ని 90 శాతం విడగొట్టామని 2020లో ప్రకటించారు. వినడానికి అద్భుతం, కానీ అది 72 డిగ్రీల వేడిలో, రియాక్టర్‌లో, ముందే సిద్ధంచేసిన ప్లాస్టిక్ మీద. కిరాణా కొట్లో ఇచ్చే మామూలు పాలిథిన్ కవరులో అసలు ఎస్టర్ బంధమే లేదు, అంతా కార్బన్‌కి కార్బనే అతుక్కుని ఉంటుంది, ఈ ఎంజైములకి అక్కడ పట్టే దొరకదు.

వాట్సాప్‌లో ఏటా తిరిగే "ప్లాస్టిక్ తినే బ్యాక్టీరియా" వార్త సంగతీ అంతే. 2016లో జపాన్‌లోని సకాయ్ దగ్గర దొరికిన ఇడియోనెల్లా అనే బ్యాక్టీరియా నిజమే, గొప్పదే. పల్చటి పెట్ పొరని 30 డిగ్రీల దగ్గర దాదాపు పూర్తిగా తినడానికి దానికి ఆరు వారాలు పట్టింది, అదీ ల్యాబులో. దాన్ని చూపించి ఇక సమస్య తీరిపోయిందంటే ఎలా?

ఇక మనం పంచుదామంటున్న కవర్లు. వాటిలో ఎక్కువగా ఉండేవి పీఎల్ఏ, పీబీఏటీ అనే ఎస్టర్ గొలుసు ప్లాస్టిక్‌లు, పిండి పదార్థం. పీఎల్ఏ మొక్కజొన్న, చెరకు లాంటి పంటల చక్కెర నుంచే వస్తుంది, అది నిజం. కానీ అది 60 డిగ్రీల దగ్గరికి వస్తేగానీ మెత్తబడదు, మెత్తబడితేనే నీళ్ళు లోపలికి దూరి గొలుసుని తెంపుతాయి, ఆ తర్వాతే బ్యాక్టీరియా వంతు. అందుకే కంపోస్టబుల్, అంటే ఎరువు కుప్పలో కుళ్ళేది, అని ముద్ర వేసే పరీక్షలు 58 డిగ్రీల దగ్గర, ఆరు నెలల్లో 90 శాతం పోవాలన్న లెక్కన జరుగుతాయి. అంత వేడి పెద్ద కంపోస్టు కుప్ప కడుపులో ఉంటుంది, అదీ తడి చూసుకుంటూ, తిరగేస్తూ ఉంటేనే. మన కాలువలో ఎక్కడిది?

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు లాకుల దగ్గర నిలబడి చూసినవాళ్ళకి తెలుసు. నీళ్ళు దిగిపోయాక గుర్రపుడెక్క ఎండి, దాని వేళ్ళకి చుట్టుకుని షాంపూ ప్యాకెట్లు, థర్మాకోల్ ప్లేట్లు, బురదతో బరువెక్కిన కవర్లు, తూము నోట్లో అడ్డంపడి ఇంకొన్ని. మనం పంచే కవరు కూడా అక్కడికే చేరుతుంది, చక్కగా ఆకుపచ్చ రంగులో. ఇంగ్లండ్‌లోని ప్లిమత్ యూనివర్సిటీ వాళ్ళు 2019లో ప్రచురించిన పరీక్షలో, మూడేళ్ళు మట్టిలో ఉంచిన బయోడిగ్రేడబుల్ కవరు ఒకటి బయటికి తీసినా సరుకులు మోసింది. కంపోస్టబుల్ కవరు సముద్రంలో మూడు నెలల్లో కనబడకుండా పోయింది, మట్టిలో మాత్రం రెండేళ్ళు దాటినా ఉంది. అంటే కవరు ఒక్కటి చూస్తే చాలదు, అది పడే చోటు కూడా చూడాలి.

ఇది భీమవరం వైపు రొయ్యల చెరువులు చేసే రైతుకి చెప్పక్కర్లేదు. ప్రోబయోటిక్, అంటే మేలుచేసే బ్యాక్టీరియా, ప్యాకెట్ తెచ్చి బెల్లం, తవుడుతో పులియబెట్టి చల్లేవాళ్ళని చూశాం కదా. పీహెచ్ చూస్తారు, ఆక్సిజన్ తగ్గిందంటే ఏరేటర్లు వేస్తారు, రాత్రంతా టెన్షన్‌తో గట్టు మీదే ఉంటారు. బ్యాక్టీరియాకి చోటు కుదరకపోతే ప్యాకెట్ డబ్బులు నీళ్ళలో పోసినట్టేనని వాళ్ళకి అనుభవం. అంత చదువుకున్న మనకి మాత్రం కవరు మీద ఆకు బొమ్మ ఉంటే చాలు! (మన పిక్నిక్‌లో కంపోస్టబుల్ ప్లేట్లు కొని, తిన్నాక మామూలు చెత్తడబ్బాలోనే వేసి వస్తున్నాం, అది ఇంకో వ్యాసం.)

అన్నీ ఒకటేనని కాదు. పీహెచ్ఏ అనే ప్లాస్టిక్ రకాన్ని బ్యాక్టీరియాయే తయారుచేస్తుంది, మనం గాదెలో ధాన్యం దాచుకున్నట్టు ఒంట్లో దాచుకుంటుంది. ఫ్రాన్స్‌లో లెమోయిన్ దీన్ని 1926లోనే గుర్తించాడు. దాన్ని కోసే ఎంజైములున్న బ్యాక్టీరియా మట్టిలోనూ సముద్రంలోనూ ఉంది. ధరే ఎక్కువ.

నన్నడిగితే ఆ చందాలో సగం ఊళ్ళో తడిచెత్త వేరుచేసి పెద్ద కుప్ప వేయించి, దాన్ని తిరగేసే మనిషికి జీతం ఇవ్వడానికి వాడాలి. భోజనాలకి కవర్లూ ప్లేట్లూ ఎందుకు, రావులపాలెం అరటి మార్కెట్ పక్కనే ఉంది, ఆకు ఏ పరీక్షా లేకుండా కుళ్ళుతుంది.

మిగతా సగం కడియం నర్సరీలకి. అక్కడ ప్రతి మొక్కా కింద చిల్లులున్న నల్ల పాలిథిన్ కవరులోనే పెరుగుతుంది. మొక్క నాటేటప్పుడు బ్లేడుతో కోసి ఆ కవరుని గట్టు మీద పడేస్తారు. ఒక నర్సరీ ఆయన్ని బయోడిగ్రేడబుల్ కవరు వాడొచ్చుగా అనడిగితే, "ఆయ్, వాడొచ్చండి, మొక్క అమ్ముడుపోకుండానే చిరిగిపోతే మట్టి నేను మొయ్యాలా అండీ?" అన్నాడు. సరైన ప్రశ్న. కొన్ని మొక్కలు నెలల్లో అమ్ముడుపోతాయి, కొన్ని ఏళ్ళ తరబడి అక్కడే ఉంటాయి, లారీలో ఎక్కడికో వెళ్ళేదాకా కవరు నిలబడాలి. అయినా ఇది కాలువ కాదు, తడీ వేడీ ఉన్న మట్టి, పైగా పశువుల ఎరువు. స్విట్జర్లాండ్‌లో 2018లో పీబీఏటీ పొరలోని కార్బన్‌కి గుర్తు పెట్టి మట్టిలో ఉంచితే, ఆ కార్బన్ కొంత కార్బన్ డయాక్సైడ్‌గా, కొంత సూక్ష్మజీవుల ఒంట్లో కనబడింది. నెలల్లో అమ్ముడుపోయే మొక్కలకైనా అలాంటి కవరు పనికొస్తుందేమో మన డబ్బుతో తేల్చవచ్చు. రెండు మూడు రకాలు కొని నలుగురు నర్సరీ వాళ్ళకి ఇద్దాం, కొన్ని కవర్లు అక్కడే పాతిపెట్టి నెలనెలా తవ్వి బరువు తూయిద్దాం. కడియం, కడియపులంక వైపు చుట్టాలున్నవాళ్ళు ముందుకు రండి, ఆ తవ్వి తూచే పనికి ఊళ్ళో ఉండే మనిషి ఒకరు కావాలి.